బసవలింగప్ప ఎడమ చెయ్యి

హలో… హలో… ఆ, నేనే రంగా, ఉలిగప్పను… గొంతు గుర్తు పట్టినవ్, ఇంకా నయం…

సిరవార నుంచి. ఊరి నుంచి బండి కట్టుకోని వచ్చి పోస్టాఫీసుల నిలబడి మాట్లాడుతున్న…

లేదు, లేదు, ఎవరూ పోలేదు. ఊరి నుంచి ట్రంకాలంటే చావు కబురేనా నీకు. అందరం గట్టిగ ఉన్నం. పోతే బాగుండు అనిపించేటోళ్ళు ఇంకా గట్టిగ ఉన్నరు…

ఆ, మా ఇంట్ల మీ అయ్యమ్మ వదినె బాగుంది. మోకాళ్ళే పని చేస్తలేవు. వాటి పని గూడ నోరే చేస్తుంది…

జెర నా మాట విను. పొద్దున ఎనిమిదింటికి చెప్పుకుంటే పదింటికి దొరికినవ్. ప్రతి మూడు నిమిషాలకు ఎక్స్‌చేంజి పిల్ల నడుమ దూరి ఇంకో మూడు కావాల్నా అంటది. తీన్ కందిల్ కాడ నీ వడ్ల దుకాణంల గిరాకి ఎట్లుందో మల్ల ఎప్పుడన్న చెబుదువు…

పని ఏందంటే… నువ్వు మా ఊరి బసవలింగప్పకు అమ్మిన వాచీ ముచ్చట.

హలో… ఉన్నవా…

ఆ, ఉన్నవ్. తీగె తెగిందేమో అనుకున్న.

ఆ బంగారు వాచీనే. మీ మామ హైదరాబాదుల కొని కట్టుకున్నది, ఆయన పోయినంక నీ చేతికి వచ్చింది, మూడేండ్ల కింద నువ్వు బసవలింగప్పకు అంటగట్టింది…

అంటగట్టలేదా. సరే, కానుక ఇచ్చినవ్ అనుకో.

రంగా, నాకు ఆ వాచీ అంటే రోత పుట్టింది. అన్నం కాడ గుర్తొస్తే ముద్ద దిగుత లేదు. అది ఉన్న చెయ్యి, ఆ చెయ్యి ఉన్న మనిషి, ఆ మనిషి ముందర నోరు తెరుచుకుని నిలబడే మా ఊరు… అంత రోతే. నువ్వు గూడ. ఆ, నేను గూడ, నన్నేం వదిలిపెట్టలే…

నీతోని పని ఒక్కటే. ఈడ పోస్టు మాస్టరు నా పక్కన కూసున్నడు. బయట వసారాల బల్ల మీద బసవలింగప్ప ఉన్నడు, మా పంచాయితి పెద్ద కనకప్ప ఉన్నడు. మెట్ల కాడ చెన్నవ్వ కూసుంది…

మన సూగప్ప పెండ్లం. సూగప్ప పోయి నాలుగేండ్లాయె. కాల్వ కొసకు రెండెకరాల మడి ఆమెది. గుర్తుందా… ఆ, ఆమెనే. గోగునార పేనుకుంట కూసుంది. పొద్దున బండి ఎక్కినప్పుడు షురూ చేసింది, ఇప్పటికి ఒక మోకు తాడు అయితుండొచ్చు. ఆమె చేతులకు ఊరుకునుడు తెల్వదు.

నువ్వు పోస్టు మాస్టరుకు ఒక్క ముక్క చెప్పాలె. ఆ వాచీకి చావి ఇచ్చుడు లేదు, అది కట్టుకున్న చెయ్యి కదిలితేనే నడుస్తది, కదలకపోతే ఆగుతది అని. అంతే. ఆయన గవర్నమెంటు మనిషి, ఆయన చెవుల పడితే మా పెద్దలు ఒప్పుకుంటరు. లేకపోతే ఇయాల పొద్దు నడినెత్తి దాటినా తూము నీళ్ళు మల్ల బసవలింగప్ప మడిలనే ఉంటయ్. చెన్నవ్వ వరి పొట్ట మీద ఉంది. రెండు వంతులు ఎండింది. మడిల నా కాలు పట్టేంత నెర్రెలు. ఈ వంతు గూడ పోతే కోసుకునేది తాలు గడ్డే…

వాచీకి నీళ్ళకు ఏం సంబంధమా. అదే గదా చెప్పబోతున్న. నువ్వు అడ్డం రాకు.

నీకు మా తండ్రి గడియ గిన్నె గుర్తుందా. ఇత్తడిది, అడుగున సూది మొన అంత చిల్లి… ఆ, బళ్ళె పంతులు ఒకనాడు తెప్పించి చూపించిండు, నువ్వు దాంట్ల మంచినీళ్ళు తాగబోయి అంగి మీద కార్చుకున్నవ్, అదే. నీళ్ళ కుండల తేలేస్తే చిల్లిల నుంచి నీళ్ళెక్కి ఒక గడియకు బుడుంగుమని మునుగుతది. మునిగినప్పుడల్లా గోడకు ఒక సున్నం గీత. మోట బావి ఉన్నన్ని దినాలు మా తండ్రి ఆ గిన్నెతోనే ఊరికి వంతులు పంచిండు. కాల్వ నీళ్ళొచ్చినంక నేను మూడేండ్లు పంచిన. బసవలింగప్పకు పదిహేను గిన్నెలు, చెన్నవ్వకు ఐదు గిన్నెలు. ఒక్కనాడు కొట్లాట లేదు.

అప్పుడు వచ్చింది నీ వాచీ.

నిజం చెప్తున్న రంగా, ఆ దినం నేను గూడ పడిపోయిన. బసవలింగప్ప అంగి చెయ్యి పైకి జరిపిండు. లోపల వెన్న రంగు ముఖం. అంకెలు లేవు, సన్నగ బంగారు గీతలు, పన్నెండు. చప్పుడు లేదు. మా ఇండ్ల గోడ గడియారాలు దగ్గుకుంట నడుస్తయ్, ఇది పండుకున్న పసిపిల్ల తీరు. మెరిసీ మెరవనట్లు మెరుస్తుండె. కొత్త బంగారం కండ్లల్ల పొడుస్తది గదా, ఇది అట్ల గాదు, నువ్వే దగ్గరికి వస్తవు లే అన్నట్లు ఊరుకుంది. నేను వంగిన, ఇంకా వంగిన, కండ్లద్దాలు జారి ఆయన ఒడిల పడ్డయి…

నవ్వు, నవ్వు. నేనొక్కన్నే గాదు. కాడి ఎడ్లు నిలబడి చూసినయ్. మా ఇంటి కోడిపుంజు నాలుగు దినాలు కూయలేదు. బసవలింగప్ప ఇంటికి పోయి టైము అడిగొచ్చి కూస్తననె…

అబద్ధమైతే మీ వదినెను అడుగు.

ఆ దినమే నేను గిన్నె పక్కన పెట్టిన. ఎవరూ అడగలే. నా అంతట నేనే, ఇంక గిన్నె ఎందుకు, బంగారం వచ్చింది అన్న. ఆ మాట ఈ నోటితోనే అన్న. దాన్ని ఇప్పుడు మీ వదినె పాల మీద మూతగ పెడుతుంది, చిల్లిల నుంచి ఆవిరి పోతదని…

ఏమ్మా… ఆ, ఇంకో మూడు. కొయ్యకు బిడ్డా.

హలో. ఆ, ఎక్కడున్నం… బసవలింగప్ప చెయ్యి కాడ.

మొదటి రెండేండ్లు బాగనే నడిచింది. వాడు మడికి పొయ్యేది, బండి తోలేది, మనుషుల మీద చెయ్యి ఊపుకుంట అరిచేది. చెయ్యి ఆడుతుండె, వాచీ ఆడుతుండె. తర్వాత ఒకనాడు బకెటు కాడ తగిలి వాచీ అంచు మీద చిన్న గీత పడ్డది. వెంట్రుక అంత. ఆ గీతకు వాడు తండ్రి పోయినప్పుడు గూడ ఏడ్వనంత ఏడ్చిండు. ఆ దినం నుంచి ఎడమ చెయ్యి కదిలిస్తే ఒట్టు.

నిజం. చిన్న మెత్త కుట్టించుకున్నడు, పట్టు మెత్త. కూసుంటే మెత్త మీద చెయ్యి. నడిస్తే కడుపుకు ఆనించుకుని, విరిగిన చెయ్యి మోసినట్లు. దోమ కుడితే కుడి చెయ్యి రావాలె. గుడిల గంట కుడి చెయ్యితోనే, నమస్కారం గూడ ఒక్క చెయ్యితోనే. వీడు తనను పిలుస్తున్నడా పొమ్మంటున్నడా తెల్వక దేవుడు పరేశాన్ అయితుండొచ్చు. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్న సగానికి సన్నబడింది. అంగి కుట్టేటాయన రెండు చేతులకు రెండు కొలతలు తీసుకుంటున్నడు…

సగానికి గాకపోతే పావుకు. నువ్వొచ్చి కొలిచి చూసుకో.

రాత్రి అయితే వాచీ విప్పి, పట్టుగుడ్డల చుట్టి, దేవుని గూట్ల పెడతడు. ఇంక అది ఎక్కడ నడుస్తది. ఆగుతది. శుక్రవారం పూజకు తీసి హారతి చుట్టూ తిప్పుతరు గదా, ఆ తిప్పుడుకు మల్ల షురూ అయితది, ఎక్కడ ఆగిందో ఆడ నుంచి. ముండ్లు జరిపి సరి చెయ్యడు. పక్కన ఉన్న ఆ బంగారు బొడిపెను పట్టి లాగితే అరుగుతదంట.

ఇట్లాంటి వాచీ చూసి మాకు నీళ్ళు పంచుతున్నడు. ఏడాది సంది.

కిందటి వంతు దినం చెప్త విను. పొద్దు పొడుపుకు, ఆరింటికి, వానికి నీళ్ళు. వాచీల పన్నెండయితే చెన్నవ్వకు, రెండు గంటల సేపు. తూము గట్టు మీద కుర్చీ, పైన గొడుగు, ఒడిల మెత్త, మెత్త మీద చెయ్యి. వాచీల ఎట్లనో పదకొండయింది. సరే. ఎండ నెత్తి మీదికొచ్చింది, వాచీల పదకొండు. మేము సద్దులు తిన్నం, పదకొండు. ఎండ పడమటికి వాలింది, పదకొండు. చెన్నవ్వ పార పట్టుకుని మడి గట్టు మీద నిలబడే ఉంది. పోయి, అయ్యా, నా వంతు అన్నది. వాడు మెత్త మీది నుంచి అంగి అంచు జరిపి చూపించిండు. పదకొండు.

చెన్నవ్వ పైకి చూసింది. అందరం చూసినం. సూర్యుడు ఎక్కడున్నడో గుడ్డోనికి గూడ తెలుస్తది, వీపు కాలుతుంది గదా. మా కనకప్ప ఏమన్నడో తెలుసునా… ఈ కాల్వలు వచ్చిన కాడ నుంచి కాలమానాలు అన్నీ తారుమారైనయ్, సూర్యుడు జెర ముందుకు పోతున్నట్లుంది అన్నడు.

సూర్యుడు ముందుకు పోతున్నడంట రంగా. వాచీ ఆగలేదంట.

ఆ పదకొండు ఎంత సేపుందో చెప్పాల్నా. ఆవులు ఇంటికొచ్చినయ్. కోళ్ళు గంప కిందికి పోయినయ్. ఆ పదకొండుల ఒక పిల్ల పుట్టి ఉంటే సాయంత్రానికి పాకుతుండె. అప్పుడు బసవలింగప్ప లేచి, రేపు నా పొలం మీది మిగులు నీళ్ళు ఆమెకు విడుస్త లే అని ఇంటికి పోయిండు. మిగులు ఏడుంది. అంతకు ముందటి వంతు గూడ ఇదే కత.

నేనేం చేసిననా…

నేను గూడ వాచీనే చూసిన. చెప్పిన గదా, నన్ను గూడ వదిలిపెట్టలేనని. యాభై ఏండ్లు నీళ్ళ వంతులు చూసిన మనిషిని, వీపు మీద సాయంత్రం ఎండ పెట్టుకుని ఆ వెన్న రంగు ముఖం చూసి, అవు, పదకొండే అన్న. ఇంటికి పోయినంక పాలు పొంగుతుంటే మూతగ ఉన్న గడియ గిన్నె ఎగిరి పడ్డది. అప్పుడు బుద్ధి తెలిసింది.

కావాలని చేస్తున్నడా… అదే తెల్వదు. మోసమని తెలిసి చేస్తే ఒక దెబ్బ కొట్టొచ్చు. వాడు గూడ నమ్మిండు. వానికి మంచిగైతుంది గాబట్టి ఇంకా గట్టిగ నమ్మిండు.

మొన్న సిరవార సంతల గడియారాలు బాగు చేసే సాయబును అడిగిన. ఆయన నవ్వి, దాని లోపల అర్ధ చంద్రం తీరు ఒక బిళ్ళ ఉంటది తాతా, చెయ్యి ఊగితే అది ఊగుతది, అది ఊగితే స్ప్రింగు చుట్టుకుంటది, పని చేసే చేతికే అది సరిపోతది అన్నడు. నేను నిన్న పంచాయితిల అదే చెప్పిన. బసవలింగప్ప ఏం చేసిండంటే, వాచీ ముందర పెట్టి, ఇది తప్పు చెప్తుందని ఎవరన్న దీన్ని ముట్టి ఒట్టెయ్యండ్రి అన్నడు.

నీకు తెలుసు గదా మా దిక్కు సంగతి. ఒట్టంటే బంగారం ముట్టాలె. ముక్కుపుల్ల ముట్టి చెప్పిన మాట కోర్టు మాట కన్న ఎక్కువ. బంగారం చేతిల ఉండంగ అబద్ధం రాదని నమ్మిక. ఇంక ఆ బంగారాన్నే ముట్టి, అదే అబద్ధమాడుతుందని ఎట్లంటరు. తల తిరిగి పోయె అందరికి. ఒక్కడు ముట్టలే.

నేను గూడ. చెయ్యి చాపిన, మల్ల వెనుకకు తీసుకున్న. అడగకు.

ఇయాల పొద్దున ఈడికొచ్చినంక పోస్టాఫీసు గోడ గడియారం చూపించిన. దానికి రోజూ తార్ల టైము వస్తది, మాస్టరు సరి చేస్తడు. అది పది చూపిస్తుంది, వాచీ నాలుగుంపావు. కనకప్ప రెండూ చూసిండు. చూసి చూసి, అది కట్టెది, ఇది బంగారంది, కట్టె మాట వినాల్నా బంగారం మాట వినాల్నా అన్నడు. మాస్టరు పాపం స్టాంపులు లెక్క పెట్టుడు మరిచిపోయి నోరు తెరిచిండు.

చివరికి కనకప్పనే అన్నడు, అమ్మిన సావుకారి ఏం చెప్తే అది, ఆయన కన్న ఎవరికి ఎక్కువ తెలుసు అని. అందుకే నీకు ట్రంకాలు.

ఇంక చెప్పు. మాస్టరుకు ఇస్తున్న…

ఏంది.

గట్టిగ చెప్పు, గొణుగుతే తీగెల రాదు…

వ్యాపారమా. ఆ. బసవలింగప్ప వడ్లు నీ దుకాణానికే వస్తయ్. తెలుసు. ఎండ మా మడి మీద, నీడ నీ దుకాణం మీద…

నేను వాచీ చెడ్డదని చెప్పుమన్ననా. కాదు గదా. మంచిదే అని చెప్పు. మస్తు మంచిదని చెప్పు…

మరి ఎందుకు చెప్పలేవు. ఏముంది దాంట్ల…

రంగా. ఒక్క మాట అడుగుత. మీ మామ వాచీ, నీకు ప్రాణం లాంటిది, కట్టుకున్న వారానికి ఎందుకు అమ్మినవ్.

చెప్పు.

హలో…

ఏమ్మా, ఇంకో మూడు. ఇంకో మూడు అంటున్న గదా, నువ్వు కొస్తే వీడు బతికి పోతడు.

చెప్పు రంగా. గల్లా పెట్టె మీద చెయ్యి పెట్టుకుని పొద్దుందాక కూసుంటవ్, కుడి చేత్తో తీసుకుంటవ్, కుడి చేత్తో ఇస్తవ్. ఎడమది గల్లా మూత మీది నుంచి లెవ్వదు. నీ చేతి మీద గూడ ఆగిందా…

ఎన్నిసార్లు…

మూడుసార్లా. ఒక వారంల మూడుసార్లా…

మీ మామ చేతి మీద ఎట్ల నడిచింది మరి… ఆ. బట్టల తానులు తనే విప్పేటోడు, తనే మడిచేటోడు. ఆయనకు నడిచింది. నీకు నడవలే.

అందుకా. ఇదా నీ సిగ్గు. మామ వాచీ అల్లుని చేతి మీద నడవదని ఇంట్ల తెలుస్తదని అమ్మేసినవా…

లేదు, నవ్వుత లేను. ఇప్పుడు నవ్వు రాదు. ఇంతకు ముందు వచ్చింది, ఇప్పుడు రాదు. ఒక చెయ్యి మెత్త మీద, ఒక చెయ్యి గల్లా మీద. నడుమ ఆ బంగారం. ఈ చెయ్యి కాకపోతే ఆ చెయ్యి. మడి మాత్రం చెన్నవ్వది ఎండుతుంది.

విను. నీ సిగ్గు నీ దగ్గరే ఉంచుకో. నీ చేతి మీద ఆగిందని చెప్పకు. వాచీల తప్పు లేదు, అది కదిలే చేతికి చేసిన వాచీ, అంతవరకే చెప్పు. వాని ఇజ్జత్ పోదు, నీ వడ్లు పోవు…

వాడు కోపం చేసుకుంటే నేనేం చెయ్యాలె రంగా. ఆమె ఏం చెయ్యాలె. కిటికీల నుంచి కనబడుతుంది నాకు. తల ఎత్తలే, తాడు పేనుతనే ఉంది. ఎండ ఎంతవరకు వచ్చిందో మెట్టు మీద నీడ చూసుకుంటుంది, అంతే.

చెప్తవా…

చెప్తవా లేదా…

ఆ. చాలు. ఆ మాటే. ఇస్తున్న ఆగు. సార్, తీసుకోండ్రి. గట్టిగ వినండ్రి, విన్నది వసారాకు వినబడేటట్లు చెప్పండ్రి.

—

—

హలో… ఆ, మల్ల నేనే.

చెప్పినవ్. మంచిగ చెప్పినవ్. నేను చెప్పుమన్న దాని కన్న ఒక ముక్క ఎక్కువే చెప్పినవ్ గదా… కూసుని తినే చెయ్యి మీద ఇది నడవదు, నాకే నడవలేదు అని. మాస్టరు వసారాల ఉన్నోళ్ళ కోసం కన్నడల తిప్పి, చదివినట్లు చెప్పిండు…

ఏడుస్తున్నవా. జలుబా. సరే, జలుబే.

ఏమైందంటే… నాకే నోట్ల చేదు.

బసవలింగప్ప మొదట నమ్మలే. కనకప్ప, ఊపి చూడు అన్నడు. వాడు అన్ని నెలలకు మొదటిసారి ఎడమ చెయ్యి లేపిండు. లెవ్వలే సరిగ, కుడి చెయ్యితోని పట్టి లేపుకున్నడు. నాలుగుసార్లు ఊపిండు, ముఖం నొప్పికి వంకర పోయింది. సన్న ముల్లు షురూ అయింది. అందరం చూసినం. అప్పుడు అర్థమైంది కనకప్పకు, పదకొండు ఎందుకు పదకొండే ఉందో.

ఆ, ఒప్పుకున్నడు. నీళ్ళు చెన్నవ్వవే అన్నడు. ఇంకా విను, రోత ముందుంది.

కనకప్ప తెలివి ఉంది చూడు. బంగారాన్ని వదిలిపెట్టలేడు. ఇంక మీద గూడ వంతులు వాచీ మీదనే పోవాలె, కాకపోతే కదిలే చేతికి కట్టాలె అన్నడు. ఎవరి చెయ్యి అని అందరు అందరి దిక్కు చూసినరు. మెట్ల కాడ ఒక్కటే చప్పుడు, నార పేనే చప్పుడు. అందరి కండ్లు ఆడికే పోయినయ్. పొద్దున బండిల నుంచి షురూ అయిన చేతులు, ఇప్పటి దాక ఆగలే. కనకప్ప అన్నడు, వంతు అయిపోయే దాక చెన్నవ్వ చేతికి కట్టండ్రి అని.

బసవలింగప్ప కుడి అరచెయ్యి వాచీ మీద మూసిండు. చెన్నవ్వ చేతులు చూసిండు. బురద, నార చీరిన గీతలు, గాజులు లేని మణికట్టు. చూసి ఒక్క మాట అన్నడు.

"ఆ చేతికా?"

అంతే అన్నడు. తర్వాత అన్నీ ఇచ్చేసిండు రంగా. ఈ వంతు తీసుకోమను, ఎండిన రెండు వంతులు గూడ తీసుకోమను, నా పదిహేను గడియలల్ల నుంచి తీసుకోమను, సాయంత్రం దాక తూము ఆమె దిక్కే పెట్టుకోమను అన్నడు. వాచీ మాత్రం ముట్టనియ్యడంట. తువ్వాలల చుట్టుకుంటున్నడు, పసిపిల్లను కుక్క ముట్టబోయినట్లు.

గెలిచినం అంటవా.

నువ్వు గూడ అట్లనే అంటవనుకున్న. నీళ్ళు వస్తయ్, నిజమే. వరి బతుకుతది. కాని ఎట్ల వచ్చినయ్ చూడు. ఆమె మడి ఎండుతుందంటే రాలే. ఆమె వంతంటే రాలే. ఆ వాచీ ఆమె చెయ్యికి తాకుతదంటే వచ్చినయ్. నాకు థూ అని ఉమ్మాలనిపించింది, పోస్టాఫీసని ఊరుకున్న.

చెన్నవ్వనా… ఏమంటది. ఒక్కసారి తల ఎత్తింది. వాని దిక్కు గూడ చూడలే. తాడు చుట్ట చుట్టి సంకల పెట్టుకుంది. నా దిక్కు చూసి, అన్నా, గిన్నె ఇంట్ల ఉందా అని అడిగింది…

ఉంది అన్న. ఇంకేమంట.

కనకప్ప, గిన్నెతోనే పోనీ అన్నడు. మూడేండ్ల కింద నేను పక్కన పెట్టినప్పుడు ఎవడూ ఉండనీ అనలే.

ఏంది… మెల్లగ ఏందో అంటున్నవ్…

మల్ల చెప్పు.

వాడు తిరిగి అమ్ముతడేమో అడగాల్నా? వాచీనా? నీకా?

రంగా, నీ చేతి మీద నడవదని ఇప్పుడే గదా ఊరంత వినేటట్లు చెప్పినవ్…

నడవకపోయినా… ఊరికే చూసుకునేటందుకా…

ఛీ. సిగ్గు లేదురా నీకు. పొయ్యేటప్పుడు మీద వేసుకుని పోతవా…

నేనా.

నేను… వాడు తువ్వాల చుట్టేటప్పుడు నేను పక్కనే ఉన్న. ఒక్కసారి వంగిన. ఒక్కసారే. అప్పుడే షురూ అయింది గదా, సన్న ముల్లు తిరుగుతుండె. ఆ వెన్న రంగు… అట్లనే ఉంది రంగా, ఏం మారలే.

థూ నా ముఖానికి.

ఆ అమ్మా, అయిపాయె. ఇంకో మూడు వద్దు. చాలు.

ఉంట రంగా. గిన్నె చిల్లిల మీగడ పేరుకోని ఉంటది, పుల్ల పెట్టి తియ్యాలె. మీ వదినె పాల మీద మూత ఎవడిస్తడని లేస్తది, అది ఒక పంచాయితి…

ఆ, పెడుతున్న.

నడువు చెన్నవ్వా, బండి కట్టిస్త. ఎండ చూడు, ఎంతయిందో చెప్పు.